చెల్లిపోయింది

మా మామగారి కుడి చెవి పదేళ్ళ కిందటే రాజీనామా ఇచ్చింది. ఎడమది ఇష్టమైనప్పుడు పనికొస్తుంది, లేనప్పుడు సెలవు పెడుతుంది. ఆ శుక్రవారం ఉదయం ఏడున్నరకి నేను ఆఫీసు వంటింట్లో తొమ్మిదిమందికి బన్నులు అడ్డంగా కోసి వెన్న రాస్తూ, ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, జర్మనీలో ఏదో యంత్రాల ప్రదర్శనకి వెళ్ళిన మా ఆయనతో మాట్లాడుతున్నాను. ఆ సమయానికి ఆ ఎడమ చెవి డ్యూటీలోనే ఉంది. సగం డ్యూటీలో.

"ప్రేబెన్, చెల్లిపోయింది," అన్నాను. "పొద్దున్న ఆరింటికి. ఎవరం చూసుకోలేదు."

నా గొంతు నాకే గుర్తుపట్టరానట్టుంది. భయపడితే నా గొంతు చిన్నదైపోతుంది. మామూలుగా నా గొంతు ఊరిని ఆనుకున్న సముద్రపు పాయ, ఫ్యోర్డు, అవతలి ఒడ్డుకి వినపడుతుందని ఊళ్ళో పేరు. గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడ్డ మామగారు ఆక్సెల్ నన్నొకసారి చూసి, కప్పు మెల్లగా బల్లమీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కళ్ళజోడు మరిచిపోయారనుకున్నాను. నేనన్నదొకటి, ఆయన విన్నదొకటి అని నాకు మధ్యాహ్నం దాకా తెలియదు.

"సరిగ్గా చూశావా?" అన్నాడు ప్రేబెన్. ఏదో నములుతున్నాడు. హోటల్లో ఫలహారం బాగున్నట్టుంది.

"చూశాను."

"మళ్ళీ చూడు."

"మూడుసార్లు చూశాను. సర్వర్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. నాలుగు యంత్రాలూ దానితో మాటలు మానేశాయి. వేరు తాళం మాట చెప్పు, అయిదు నిమిషాల్లో కొత్తది చేసేస్తాను."

"ఫోన్లో చెప్పే మాటా అది? సోమవారం వచ్చి చూస్తాను. అంతవరకూ ముట్టుకోకు. వదిలెయ్, బోదిల్."

నా పేరు బోదిల్. మా పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నా పేరుకి ముందు "వదిలెయ్" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందంటే, అది నా ఇంటిపేరు కాబోలని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. ఇక ఆ "ముట్టుకోకు". నాకు ముట్లుడిగి మూడేళ్ళయింది. ముట్టుకోకు మాత్రం ఉడగలేదు. కొత్త కారు ముట్టుకోకు, పడవ తాడు ముట్టుకోకు, నేను రాసిన ప్రోగ్రాం ముట్టుకోకు. ముట్టుకోదగ్గవి నాకు వేరే ఉన్నాయి: బన్నులు, వెన్న కత్తి, కాఫీ యంత్రం అడుగున పేరుకున్న పిప్పి. శుక్రవారం ఫలహారాల వంతుల పట్టికలో తొమ్మిది పేర్లున్నాయి. వంతు మాత్రం ఒక్కటే తిరుగుతుంది, నా చుట్టూ.

"సోమవారం దాకా ఆగదు," అన్నాను. "ఇవాళ రెండింటికి ముప్ఫై డిగ్రీలంటున్నారు. మంగళవారం నువ్వు పంపిన దానిలో..."

"మళ్ళీ అదేనా? నువ్వు పరీక్ష తప్పుగా పెట్టి ఉంటావు. నీకన్నిటికీ భయమే." ఫోను పెట్టేశాడు.

నిజమే. నాకన్నిటికీ భయమే. అయితే ఆ రోజు భయానికి లెక్క ఉంది, చెబుతాను.

మేము పందుల కొట్టాల గాలి పంకాలని నడిపే పెట్టెలు చేస్తాం. మామగారు పెట్టిన సంస్థ, ఊరి చివర పాత పాలకేంద్రంలో. మంగళవారం మా ఆయన ముప్ఫై ఎనిమిది కొట్టాలకి కొత్త ప్రోగ్రాం పంపాడు. దానిలో ఒక్క గుర్తు తిరగబడింది. 'కంటే పెద్ద' అనే గుర్తు ఉండాల్సిన చోట 'కంటే చిన్న' పడింది. బయట ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే పంకాలు జోరందుకోవాలి కదా, దాని బదులు ఆగిపోతాయి. పెట్టె మాత్రం అంతా బాగానే ఉందని పచ్చదీపం చూపిస్తుంది. నాకు ఈ పెట్టె బాగా అర్థమవుతుంది. లోపల గాలాడకపోయినా పైకి పచ్చదీపం చూపించడం ఎలాగో నేను దానికి పాఠం చెప్పగలను.

మా దేశంలో ఇరవై ఎనిమిది దాటే రోజులు తక్కువ కాబట్టి ఎవరికీ తెలియలేదు. బుధవారం పరీక్షలు పెడుతుంటే నాకు తెలిసింది. గురువారం ఆ ఒక్క గుర్తూ తిప్పి పెట్టాను. కానీ ఎవరు ఏం రాసినా నేరుగా కొట్టాలకి పోదు. దాన్ని లాండ్రీ గదిలోని సర్వర్ తీసుకుని, దాని కింద పనిచేసే నాలుగు కంప్యూటర్ యంత్రాలకి పంచి, ప్రోగ్రాంగా కట్టించి, పరీక్షలన్నీ నెగ్గించి, అప్పుడు పంపుతుంది. ఆ నాలుగు యంత్రాలు సర్వర్‌ని రోజూ ఒక కాగితం అడుగుతాయి: నువ్వు నువ్వేనని సాక్ష్యం ఏది? ఆ కాగితమే సర్టిఫికెట్. దానికి మూడేళ్ళ గడువు, కింద ఒక పెద్దమనిషి సంతకం. ఆ పెద్దమనిషి సంతకాన్ని వేరు అంటాం, మిగతా సంతకాలన్నీ దాన్నుంచి మొలుస్తాయి గనక. మా వేరుకి తాళం ఉంది, ఆ తాళం తీసే మాట ప్రేబెన్ బుర్రలో ఉంది. బుర్ర జర్మనీలో బన్ను తింటోంది.

అన్నట్టు మా సంస్థలో సర్వర్లు ఇద్దరం. ఒకటి లాండ్రీ గదిలో, రెండోది బన్నుల దగ్గర. ఆ మొదటిదాన్ని ఆరేళ్ళ కిందట కట్టింది ఈ రెండోదే. ఆ వేసవిలో రాత్రనక పగలనక కూర్చుని కడితే, చివర్లో మా ఆయన వచ్చి "వేరు మాత్రం నా పేరున ఉండాలి, బాధ్యత గల విషయం" అన్నాడు. కీ ఆయన చేతిలో, కీలుబొమ్మ నేను. సంస్థ పుస్తకంలో నా ఉద్యోగం పేరు ఇప్పటికీ "కార్యాలయ సహాయం".

బన్నులు అక్కడే వదిలేశాను. పట్టికలో అలాంటి సంఘటన మొదటిసారి. ముప్ఫై ఎనిమిది మందికీ ఫోన్లో సందేశం పెట్టాను: పంకాలు చేత్తో నడిపించుకోండి, పెట్టెని నమ్మకండి. పదకొండు మంది చూశారు. మిగతావాళ్ళు కోతల్లో ఉన్నారు. మా ఆడపడుచు లిస్బెత్‌కి రెండుసార్లు ఫోను చేశాను. ఏడు కిలోమీటర్ల దూరంలో పదకొండు వందల పందుల్ని ఒంటిచేత్తో పెంచే మనిషి. కొట్టంలోకి వెళ్ళేముందు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, ఫోను బయట అలమరాలో పెట్టాలి. అదక్కడి నియమం. ఫోను అలమరాలో మోగుతూ ఉంది, నా గుండెలాగే, ఎవరూ ఎత్తకుండా.

పందికి చెమట పట్టదు. మూసిన కొట్టంలో పంకాలాగితే అరగంట, మహా అయితే ముప్పావుగంట. వాటికి పట్టని చెమటంతా ఆ పొద్దున్న నాకు పట్టింది.

లాండ్రీ గదిలో కూర్చున్నాను. ఎనిమిదింటికి ఇరవై రెండు డిగ్రీలు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపు చూస్తూ ఉండిపోయాను. చేయాల్సిందేమిటో నాకు తెలుసు. వేరు తాళం తెరుచుకోకపోతే కొత్త వేరు నాటడమే. నేనే ఒక కొత్త పెద్దమనిషిని పుట్టించి, ఆ పెద్దమనిషి చేత సర్వర్ కాగితం మీద సంతకం పెట్టించి, నాలుగు యంత్రాల దగ్గరికీ వెళ్ళి "ఇక మీదట ఈవిడ్ని కూడా నమ్మండి" అని చెప్పాలి. సులువే. ఆరేళ్ళ కిందట చేసిందే. అయినా భయంతో చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. ఈ భయం పందుల గురించి కాదని ఒప్పుకోవడానికి నాకు చాలా నిమిషాలు పట్టింది. మా ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ చెయ్యెత్తలేదు. కనుబొమ్మ ఎత్తుతాడు, చాలు. ఒకవేళ పరీక్ష నేను తప్పుగానే పెట్టి ఉంటే? ఆ ఒక్క గుర్తు తిప్పి నేనే పంకాలు ఆపేస్తే? ఆయన సోమవారం వచ్చి, తొమ్మిదిమంది ముందూ ఆ కనుబొమ్మ ఎత్తి, నిట్టూర్చి, "నేను ముట్టుకోవద్దన్నాను కదా" అంటే? మా అత్తగారి పేరు తోవె. ఇంట్లో అందరూ నడవాల్సింది ఆ తోవనే. ఆవిడ నాకు పెళ్ళయిన కొత్తల్లో ఒక మాట చెప్పింది: "వాడికి బుర్ర ఎక్కువ, నీకు ఓపిక ఎక్కువ, ఇద్దరూ కలిస్తే ఒక మనిషి." ఆ లెక్కలో నా వాటా ఎంతో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నవ్వేశాను. నవ్వించడం మొదలుపెట్టింది కూడా అప్పుడేననుకుంటా. భయపడేవాళ్ళకి రెండే దారులు, నోరు మూసుకోవడం లేదా నోరు మూయకపోవడం. నేను రెండోది పట్టుకున్నాను. బోదిల్ ఎంత సరదా మనిషో అంటారందరూ. లోపల పంకాలాగిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికి తెలుసు?

తొమ్మిదింబావుకి ఇరవై నాలుగు. కొట్టడం మొదలుపెట్టాను.

యంత్రం ప్రశ్నలడుగుతుంది. ఏ దేశం. ఏ ఊరు. ఏ సంస్థ. వరసగా జవాబులు కొట్టాను, వేళ్ళు ఒక అక్షరానికి బదులు రెండేసి కొడుతున్నాయి. తరవాతి ప్రశ్న: అధికారి పేరు. ఆరేళ్ళ కిందట ఇక్కడ నేనే, ఈ వేళ్ళతోనే, ప్రేబెన్ డామ్‌గోర్ అని కొట్టాను. ఇప్పుడు మెరిసే గీత ఒకటి ఆగి ఆగి కొట్టుకుంటూ నా జవాబు కోసం చూస్తోంది. అలవాటుగా "డా" దాకా కొట్టి చెరిపేశాను. బోదిల్ ఆగెర్‌స్కోవ్ అని కొట్టాను. నా పుట్టింటి పేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆగి ఉన్న పేరు. తాళానికి ఒక మాట పెట్టమంది. పెట్టాను. అదేమిటో ఫోన్లో చెప్పే మాట కాదు.

వేరు అయింది. దానితో సర్వర్ కాగితం మీద సంతకమూ అయింది. మొదటి యంత్రానికి నా వేరుని చూపించి నమ్మమన్నాను, నమ్మింది. రెండోది కూడా. మూడోది ముందు ఎర్రగా రాసింది: "తెలియని అధికారి సంతకం." యంత్రం చెప్పినా మనిషి చెప్పినా ఆ మాట ఒకేచోట గుచ్చుకుంటుంది. దాన్ని ఆపి మళ్ళీ లేపాను, అప్పుడు ఒప్పుకుంది. నాలుగోది కూడా మొరాయించింది. ఈసారి రాసిందేమిటంటే, ఈ సర్టిఫికెట్ ఇంకా చెల్లదు. అయిపోలేదట, ఇంకా మొదలే కాలేదట. పాతది చెల్లిపోయింది, కొత్తది ఇంకా చెల్లదు. నా బతుకంతా ఈ రెండింటి మధ్యే గడిచింది కదా అనిపించి, భయంలోనే ఒక నవ్వు వచ్చింది. ఏం తప్పు చేశానో వెతకడానికి ఇరవై నిమిషాలు పోయాయి. తప్పు నాది కాదు. ఆ ముసలి యంత్రం గడియారం గంటన్నర వెనక నడుస్తోంది. దాని లెక్కలో నా సంతకం ఇంకా పుట్టలేదు. గడియారం సరిచేశాను.

అప్పుడే తల ఎత్తి కిటికీలోంచి చూశాను. పదకొండూ పది. జెండా కొయ్య దగ్గర మామగారు నల్ల కోటు వేసుకుని నిలబడి జెండా ఎక్కిస్తున్నారు. మా దగ్గర పుట్టినరోజుకి జెండా పైదాకా ఎక్కిస్తారు, ఎవరిది మరిచిపోయానా అని కంగారుపడ్డాను, కేకు కూడా నేనే చేయాలి కాబట్టి. ఎర్రగుడ్డ పైదాకా వెళ్ళింది. వెళ్ళి ఆగలేదు. మళ్ళీ మెల్లగా సగానికి దిగి, అక్కడ ఆగింది.

సగం దాకా దింపితే చావు.

తలుపు తట్టి పక్కింటి ఎల్నా లోపలికొచ్చింది, చేతిలో తెల్లపూల కుండీ. నా చెయ్యి పట్టుకుంది. "విన్నాను బోదిల్. పాపం లిస్బెత్. ఇంత చిన్న వయసులో."

"లిస్బెత్‌కేమైంది?"

ఎల్నా కళ్ళు తుడుచుకుంది. "ఏమైందని నన్నడుగుతావేమిటమ్మా. పొద్దున్న ఆరింటికటగా. నువ్వే కదా ముందు తెలుసుకున్నది. ఏడుపొస్తే ఏడువు, దిగమింగకు." కుండీని బట్టలుతికే యంత్రం మీద పెట్టి, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

లిస్బెత్‌కి ఇంకోసారి ఫోను చేశాను. ఎత్తని ఫోను. మూసిన కొట్టం. తెల్లవారి ఆరింటికి ఎంత వేడి ఉంది? లేదు కదా. లేదు, కానీ నేను ఇంకేదైనా చూడలేదేమో. ఆ ప్రోగ్రాంలో ఇంకొక గుర్తు తిరగబడి ఉందేమో, పంకాలు రాత్రే ఆగాయేమో, ఏమైందో చూద్దామని ఆ పిల్ల పేడగుంట విషవాయువు నిండిన కొట్టంలోకి వెళ్ళిందేమో. బుధవారమే గట్టిగా అరవాల్సింది. ఫ్యోర్డు అవతలికి వినపడే గొంతు ఎందుకు నాకు. బుధవారం నేను ఎంత చిన్నగా చెప్పానో ఇప్పుడు గుర్తొస్తోంది: "ఒకసారి చూస్తావా, వీలుంటే." వీలుంటే అన్నాను. ఒక మనిషి ప్రాణం గురించి, వీలుంటే.

తెర మీద నాలుగు యంత్రాల పక్కనా నాలుగు పచ్చచుక్కలు. కింద ఒకే ప్రశ్న: మొదలుపెట్టనా? బయట ఇరవై ఆరు డిగ్రీలు. బయటికి పరుగెత్తాలని ఒళ్ళంతా లాగుతోంది. లిస్బెత్‌ది కాక ఇంకా ఇరవై ఆరు కొట్టాల వాళ్ళు సందేశం చూడలేదు. లోపలికి వెళ్ళే మనుషులు వాటిలో కూడా ఉంటారు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ వేలిని ఆ మీట మీద నేనే నొక్కాను.

కట్టడానికి పన్నెండు నిమిషాలు. పరీక్షలకి తొమ్మిది. ఆ ఇరవై ఒక్క నిమిషాలూ నేను లిస్బెత్‌తో మాట్లాడుతూనే ఉన్నాను, ఏమన్నానో చెప్పను. పదకొండూ నలభైకి పెట్టెలు ఒక్కొక్కటే పంకాల్ని ఒకసారి జోరుగా తిప్పి చూసుకుని, కొత్తది అందిందని జవాబు పంపడం మొదలుపెట్టాయి. ముప్ఫై ఎనిమిదోది లిస్బెత్‌ది. దాని జవాబు కూడా వచ్చింది. యంత్రాలకేం, మనిషి లేకపోయినా జవాబిస్తాయి.

పన్నెండు దాటాక బయటికెళ్ళేసరికి జెండా కింద ఊరు సగం ఉంది, జెండాకి తగ్గట్టే. మామగారు నల్ల కోటులో ఎండకి కరుగుతున్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో చేతి రుమాలు. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఉద్యోగులందరూ వరసగా నిలబడ్డారు, చేతుల్లో సగం వెన్న రాసిన నా బన్నులు, తినాలో వద్దో తెలియక.

"ఇలా రా తల్లీ," అన్నారు మామగారు. ముప్ఫై ఏళ్ళలో ఆ పిలుపు మొదటిసారి. "పొద్దుట్నుంచి లోపల ఏడుస్తున్నావని కదపలేదు. లిస్బెత్ ఫోనెత్తలేదు, అప్పుడే అర్థమైంది. అక్కడికెళ్ళి చూసే ధైర్యం చాలలేదు. ప్రేబెన్‌కి చేశాను." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. "వాడు నా కొడుకేనా అని ఇప్పుడు అనుమానంగా ఉంది. చెల్లి పోయిందిరా అంటే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'తెలుసు నాన్నా, బోదిల్ పొద్దున్నే చెప్పింది, దానికింత హడావిడి ఎందుకు' అన్నాడు. 'ఇది మూడేళ్ళకోసారి ఉండేదే' అన్నాడు. 'సోమవారం వచ్చి చూస్తాను, అంతవరకూ ఎవరూ ముట్టుకోకండి, ముఖ్యంగా బోదిల్‌ని ముట్టుకోనివ్వకండి' అన్నాడు."

నా లోపల ఏదో మెల్లగా తిరిగింది, ఆగిపోయిన పంకా మొదటి చుట్టులా. మూడేళ్ళకోసారి.

అప్పుడే రోడ్డు మలుపులో సైకిలు గంట మోగింది. రబ్బరు బూట్లు, తడి జుట్టు, గాలివాటున ముందే వచ్చేసిన పందుల వాసన. లిస్బెత్. ఎల్నా పూలకుండీ ఇంకొకటి తెచ్చినట్టుంది, అది కిందపడి పగిలింది.

"ఎవరు పోయారు?" అంది లిస్బెత్ సైకిలు దిగి, జెండాని చూసి కంగారుగా. "మీ ఎనిమిది ఫోన్లు చూసి తొక్కుకుంటూ వచ్చాను. నాన్నా, ఎవరు పోయారు?"

"నువ్వే," అన్నారు మామగారు.

నేను వెళ్ళి ఆ పిల్లని పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. "వదినా, ఊపిరాడటం లేదు," అంది. "కొట్టంలోనే నయం. నేను బయల్దేరేటప్పుడు పంకాలు ఒక్కసారి జోరందుకున్నాయి."

ఇక చెప్పాల్సింది నేనే. నా జేబులో ఫోను మోగింది, ప్రేబెన్. మీట నొక్కి, అందరికీ వినపడేట్టు పెట్టి, అత్తగారి కుర్చీ చేతి మీద ఉంచాను.

"నాలుగు యంత్రాల నుంచీ నాకు కబుర్లొచ్చాయి," అన్నాడు. నములుడు లేదు. "నేను వద్దన్నాక కూడా ముట్టుకున్నావు. ఎవరి సంతకంతో?"

"తెలియని అధికారి," అన్నాను.

నా గొంతు తిరిగొచ్చింది, ఫ్యోర్డు అవతలికి వినపడేది. మామగారి ఎడమ చెవివైపు తిరిగి, సెలవు పెట్టడానికి దానికి వీలులేనంత స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడగొట్టి, అందరికీ చెప్పాను.

"చెల్లి పోలేదు మామయ్యా. చెల్లిపోయింది అన్నాను. గడువు. సర్వర్ కాగితం గడువు. ఇవాళ మధ్యాహ్నం ఆ పంకాలు ఆగిపోయేవి, లిస్బెత్ కొట్టంతో సహా. ఆ సంగతి మీ అబ్బాయికి బుధవారం చెప్పాను, ఇవాళ మళ్ళీ చెప్పబోయాను. ఆయన మీతో అన్న మాటలు చెల్లి గురించి కాదు, కాగితం గురించే. అనుమానం పెట్టుకోకండి, ఆయన మీ కొడుకే."

మామగారు ఫోను వైపు చూశారు. అత్తగారు రుమాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"అయితే," అన్నారు మామగారు చివరికి, తాడు చేతికి తీసుకుంటూ, "ఎవరూ పోలేదన్నమాట. జెండా పైకెత్తెయ్యనా?"

"ఎత్తండి," అన్నాను, ఇంటి తాళాలూ ఆఫీసు తాళాలూ అత్తగారి ఒళ్ళో పెట్టి. "చెల్లి పోలేదు. పోతున్నది వదిన."